ఫీజు వేరు, సూద్ వేరు, ధోకా వేరు



సైదాబాద్ గల్లీల్లో పాత మాటే కొత్త పేరుతో తిరుగుతోంది. "ఇది బిట్‌కాయిన్ కొని అమ్మే సట్టా కాదు ఖాలా. హబ్‌లో పైసలు పెడతాం. జనం పంపుకునే డబ్బు దాని మీదుగా పోతుంది, పోయిన ప్రతిసారీ ఫీజు వస్తుంది. ఫీజంటే ఉజ్రత్, సూద్ కాదు. పూరా హలాల్. నెలకు నూటికి మూడు."

ఈ మాట వినేది ఎవరు? కొడుకు రియాద్‌లో ఎండకు మాడి పంపిన పైసలను బ్యాంకులో ఫిక్స్‌డ్ వేయడానికి మనసొప్పని అమ్మీలు. బిడ్డ షాదీకని చిట్టీలు కట్టి దాచుకున్న ఖాలాలు. సూద్ తినకూడదన్న ఆ తల్లుల తఖ్వా మీదే ఈ దలాళ్లు దుకాణం తెరిచారు. నా కోపం అక్కడ.

ఇంకోవైపు మన పెద్దల జవాబు చూడండి. "క్రిప్టోనా? హరామ్, పో." 2018 జనవరిలో ఈజిప్టు గ్రాండ్ ముఫ్తీ షౌకీ అల్లామ్ బిట్‌కాయిన్ లావాదేవీలు నాజాయిజ్ అన్నమాట నిజమే. జాయిజ్ అన్న ఆలిమ్‌లూ ఉన్నారు. ఫత్వా మాత్రం చెప్పి హిసాబ్ చెప్పకపోతే, డిగ్రీ చదివిన కుర్రాడు "మౌలానా సాబ్‌కు టెక్నాలజీ తెలియదు" అనుకుని దలాల్ మాటే నమ్ముతాడు. కాబట్టి హిసాబ్ చూద్దాం.

బిట్‌కాయిన్‌లో ప్రతి చెల్లింపూ బ్లాక్‌చెయిన్ మీద ఎక్కాలంటే టైమ్ పడుతుంది, ఖర్చవుతుంది. దానికి ఇలాజ్‌గా జోసెఫ్ పూన్, థాడియస్ డ్రైజా అనే ఇద్దరు లైట్నింగ్ నెట్‌వర్క్ పద్ధతి రాశారు. 2018 నుంచి అది నడుస్తోంది. ఇద్దరు కలిసి రెండు తాళాల పెట్టె పెట్టుకున్నారనుకోండి. అందులో నీది ఎంత, నాది ఎంత అని తమ మధ్యే ఖాతా రాసుకుంటారు. పెట్టె మూసేటప్పుడు ఆఖరి లెక్క మాత్రం బ్లాక్‌చెయిన్‌కు ఎక్కుతుంది. ఒకడు మొండికేస్తే రెండోవాడు ఆఖరి ఖాతా చూపించి తన వాటా తీసుకోవచ్చు. ఇదే పేమెంట్ చానెల్. అందరూ అందరితో పెట్టెలు పెట్టుకోలేరు కాబట్టి, చాలామందితో పెట్టెలున్నవాడు ఒకడు మధ్యలో ఉంటాడు. వాడే హబ్.

ఇప్పుడు సైదాబాద్ సలీం భాయి మలక్‌పేట గంజ్‌లోని దుకాణానికి 1,000 రూపాయల విలువ పంపాడనుకోండి. సలీం పెట్టెలో హబ్ వాటా 1,000 పెరుగుతుంది. దుకాణం పెట్టెలో హబ్ తన వాటాలోంచి 1,000 ఇస్తుంది. అంటే దుకాణం పెట్టెలో హబ్ సొంత పైసలు ముందే పడి ఉండాలి. లేకపోతే చెల్లింపు నడవదు. హబ్ ఉత్త పోస్ట్‌మాన్ కాదు, పెట్టుబడిని పెట్టెల్లో బంద్ చేసి కూర్చున్నవాడు.

వాడికి వచ్చే ఫీజులు రెండు రకాలు. ఈ రెండింటినీ కలిపేసి చెప్పడంలోనే దలాల్ చలాకీతనమంతా ఉంది.

మొదటిది, దాటించిన ప్రతి చెల్లింపుకూ తీసుకునే రూటింగ్ ఫీజు. ఇందులో ఒక ఫిక్స్‌డ్ ముక్క, మొత్తాన్ని బట్టి ఒక ముక్క ఉంటాయి. బాగా వాడకంలో ఉన్న ఎల్ఎన్‌డీ సాఫ్ట్‌వేర్‌లో మనం మార్చకపోతే ఉండే రేటు 1 సతోషి, ఆపైన పది లక్షలకు ఒకటి. సతోషి అంటే బిట్‌కాయిన్‌లో పదికోట్లవ వంతు. ఇది పనికి తీసుకునే మజ్దూరీ. సరుకు దాటించిన హమాలీకి కూలీ ఇచ్చినట్టే. దీన్ని సూద్ అనేవాళ్లతో నేను ఒప్పుకోను.

రెండోది, ఫలానా పెట్టెలో ఇంత పెట్టుబడి ఇన్నాళ్లు ఉంచినందుకు తీసుకునేది. లైట్నింగ్ ల్యాబ్స్ కంపెనీ 2020లో పూల్ అనే బజార్ పెట్టింది. అక్కడ పెట్టుబడిని సుమారు రెండు వారాల లెక్కన లీజుకిచ్చి, దాని మీద ప్రీమియం తీసుకునేవాళ్లు. దీన్ని ఉజ్రత్ అని తేలిగ్గా దాటేయకండి. ఇల్లు కిరాయికిస్తే ఇల్లు మిగులుతుంది. వాడితే ఖర్చయిపోయే పైసలను కిరాయికి ఇవ్వడం ఫిఖ్ ఒప్పుకోదు. "ఇక్కడ పైసలు యజమాని వైపే ఉంటాయి, ఎవరికీ కర్జ్ ఇవ్వలేదు" అని ఒక దలీల్ ఉంది. అది బరువైన దలీలే, ఉలమా తేల్చాలి. కానీ ఎంత పైసా, ఎన్ని రోజులు అని లెక్కగట్టి తీసుకునే నఫాను చూస్తే నాకు షక్ వస్తుంది. ఓఐసీ ఫిఖ్ అకాడమీ 1986లో అమ్మాన్‌లో కూర్చుని కర్జ్ మీద సర్వీస్ చార్జ్ గురించి ఏం తేల్చింది? అసలు ఖర్చు వరకే జాయిజ్, దాటితే సూద్ అని. ఫీజు అని పేరు పెట్టినంత మాత్రాన సూద్ కడుక్కుపోదని దాని మతలబ్.

మూడోది మన గల్లీలో జరిగేది. అది ఈ రెండింటిలో ఏదీ కాదు. మీ దగ్గర 10 లక్షలు తీసుకుని నెలకు 30,000 పక్కాగా ఇస్తానంటాడు. అసలు గ్యారంటీ, నఫా ఫిక్స్. అది కర్జ్ మీద సూద్. దానికి లైట్నింగ్ పేరు పెట్టినా, ఎల్ఈడీ లైట్ పేరు పెట్టినా సూదే.

అది కూడా ఇవ్వలేడు. లెక్క వేయండి. రూటింగ్ ఫీజు పదివేలకు ఒకటి అనుకుందాం. ఎల్ఎన్‌డీ రేటు కన్నా ఇది చాలా ఎక్కువ. ఆ లెక్కన 30,000 రావాలంటే నెలలో 30 కోట్లు మీ పెట్టె మీదుగా పోవాలి. మీ 10 లక్షలు నెలకు 300 సార్లు, రోజుకు పదిసార్లు పూర్తిగా తిరగాలి. పైగా ఒకేవైపు పోయి పెట్టె ఖాళీ అయితే మళ్లీ నింపుకోవడానికి తనే ఇంకొకరికి ఫీజు కట్టాలి. బిట్‌కాయిన్ ధర పడితే ఆ నుక్సాన్ వేరు. మరి నెల నెలా మూడు శాతం ఎక్కడినుంచి వస్తుంది? మీ తర్వాత చేరిన ఖాలా పర్సులోంచి.

మన షహర్‌కు ఇది కొత్త కాదు. హీరా గ్రూప్ గుర్తుందా? సూద్ లేదు, హలాల్ తిజారత్ అన్నారు, ఏడాదికి 36 శాతం దాకా ఆశ చూపారు. 2018 అక్టోబర్‌లో నౌహెరా షేక్‌ను హైదరాబాద్ పోలీసులు అరెస్ట్ చేశారు. వసూలైంది 5,600 కోట్ల పైమాటే అని ఈడీ అంటోంది. మరుసటి ఏడాది బెంగళూరులో ఐఎంఏ కూలింది. నెలకు మూడు అంటే ఏడాదికి ఎంత? అదే 36. రేటు కూడా మార్చలేదు!

దలాల్‌ను ఒక్క సవాల్ అడగండి: "తాళం ఎవరి చేతిలో ఉంటుంది?" నిజంగా హబ్ నడిపేవాడు తన తాళం తనే పెట్టుకుంటాడు. ఆ పద్ధతి పుట్టిందే డబ్బు ఇంకొకరి చేతికి ఇవ్వకుండా పని జరగాలని. కాబట్టి "నాకివ్వండి, నేను పెడతా" అన్నాడంటే అక్కడే లేచి వచ్చేయండి. సర్కారీ లెక్క కూడా అడగండి. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో నఫా మీద 30 శాతం టాక్స్ ఉంది. ఒకదాంట్లో వచ్చిన నుక్సాన్ ఇంకోదాని నఫాలో తగ్గించుకోనివ్వరు. బ్యాంకు మునిగితే 5 లక్షల దాకా బీమా ఉంది, దీనికి ఒక్క పైసా లేదు. ఇచ్చేసిన వాళ్లు షరమ్‌తో మూలన కూర్చోకండి. అనుమతి లేని డిపాజిట్ల మీద 2019 చట్టం ఉంది, పోలీసుల దగ్గరికి పోండి.

మస్జిద్ కమిటీలకు ఒక గుజారిష్. హైదరాబాద్‌లో పుట్టిన డాక్టర్ హమీదుల్లా సాబ్ ఈ షహర్‌లోని సూద్ లేని కర్జ్ సంఘాల గురించి దునియాకు రాసి చూపించారు. అలాంటి సంఘాలు నడిపిన షహర్ మనది. ఇంట్లో అవసరానికి నమ్మకమైన కర్జ్, దాచుకోవడానికి నమ్మకమైన చోటు మనం పెట్టకపోతే, ఆ ఖాళీలో దలాల్ కుర్చీ వేసుకుంటాడు. ఒక జుమా నాడు, నమాజ్ అయ్యాక పది నిమిషాలు, ఉర్దూలో, తెలుగులో ఈ 300 సార్ల లెక్క బోర్డు మీద వేసి చూపించండి. ఆడవాళ్లకు కూడా వినిపించండి. పైసలు దాచేది వాళ్లే.