నరసింహునికి రూపమొక్కటేనా?

2025 జులై 25న విడుదలైన ‘మహావతార్ నరసింహ’ యానిమేషన్ చిత్రం తెలుగునాట కూడ విశేషాదరణ పొందినది. కంప్యూటరు తీర్చిన ఆ సింహముఖం, ఆ గర్జన బాలబాలికల మనస్సులలో గాఢంగా నాటుకొన్నవి. పురాణకథ పిల్లలకు చేరువ కావడం సంతోషింపదగిన విషయమే. అయితే ఒక చిత్రకార బృందపు ఊహయే ఇకమీదట నరసింహుని ఏకైక రూపంగా స్థిరపడితే, అది నష్టమే అనవలసి ఉంటుంది.

నరుడూ కాడు, మృగమూ కాడు అని పురాణం చెప్పినది. మాటలలో ఇది సులభం. రాతిలో చూపవలసి వచ్చినప్పుడు శిల్పి ఏదో ఒక నిర్ణయం చేయక తప్పదు. ఆ నిర్ణయం కాలానికొక తీరున, చోటుకొక తీరున సాగినది.

పల్నాటి కొండమోటులో దొరికిన, సుమారు నాల్గవ శతాబ్ది నాటి ఫలకంలో స్వామి దేహమంతా సింహమే. మెడవద్ద మొలిచిన రెండు మానవ హస్తాలే ఆయన దైవత్వాన్ని తెలుపుతున్నవి. హంపిలో శ్రీకృష్ణదేవరాయల కాలాన, 1528లో వెలసిన 6.7 మీటర్ల ఏకశిలామూర్తి అంకంపై మొదట లక్ష్మీదేవి ఉండేది. ఆ ప్రతిమ భగ్నమైన పిమ్మట లోకులు ఆ లక్ష్మీనరసింహునే ఉగ్రనరసింహుడని పిలువసాగినారు. శిల్పి చెక్కిన భావాన్ని విరిగిన రాయి మార్చివేసినది!

సింహాచలంలో వరాహ నరసింహస్వామి అక్షయతృతీయ నాడు తప్ప చందనపు పూత మాటుననే ఉంటాడు. మంగళగిరి కొండపై మలచిన మూర్తియే లేదు. పానకం స్వీకరించే నోరు మాత్రమే ఉన్నది. చూపకపోవడం కూడ చిత్రణలో ఒక మార్గమేనని ఈ రెండు క్షేత్రాలూ చాటుతున్నవి.

ఇతర దేశాల సాహిత్యంలోనూ ఈ సమస్య లేకపోలేదు. అమెరికా రచయిత లవ్‌క్రాఫ్ట్ 1928లో ప్రకటించిన కథలో క్థుల్హూ అనే భయంకర దేవత మాటలకందనిదని చెప్పినాడు. 1934లో తానే దాని విగ్రహానికొక చిత్తుబొమ్మ గీసినాడు. తరువాతి చిత్రకారులు దానిని పర్వతమంత పెంచినారు. నేడది పిల్లలు పక్కన పెట్టుకొని నిద్రించే దూదిబొమ్మగా కూడ అమ్ముడవుతున్నది. రూపం అలవాటైన కొలది భయం తరిగినది.

ఈ విషయం బోధించడానికి కామవరపుకోట ఉపాధ్యాయులు దూరం పోనక్కరలేదు. ఆ మండలంలోని గుంటుపల్లి కొండలో, క్రీస్తుకు పూర్వమే తొలిచిన వర్తుల చైత్యగృహమున్నది. అందు పూజలందుకొన్నది ముఖం లేని స్తూపం. బుద్ధుని రూపాన్ని భక్తుడు తన మనస్సులోనే నిర్మించుకొన్నాడు.

కనుక సినిమాను నిషేధింప పనిలేదు. పోతన భాగవత సప్తమ స్కంధంలోని ఆవిర్భావ ఘట్టాన్ని ముందు చదివి వినిపించి, పిదప బొమ్మ గీయుమనవలె. ముప్పదిమంది విద్యార్థులు ముప్పది నరసింహులను గీసిన నాడు ఆ తరగతిలో సాహిత్యం బోధింపబడినట్లు. అందరూ ఒక్క బొమ్మనే గీసినచో, వారు వినలేదు. తెరను జ్ఞాపకం చేసికొన్నారు.