దీవికి రెండు వాకిళ్ళు

మన పత్రికల్లో యాత్రారచనకు మళ్ళీ రోజులు వచ్చాయి. కాశీ రామేశ్వరాలతో ఆగకుండా మన యాత్రికులు మధ్యధరా సముద్రందాకా పోతున్నారు. సంతోషమే. కాని మాల్టా, సైప్రస్ దీవుల మీద వస్తున్న వ్యాసాలు వరసగా చదివితే ఒక సంగతి కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. నీలి సముద్రం మీద నాలుగు పుటలుంటాయి, రాతికోటల మీద రెండు, వంటకాల మీద ఒకటి. వీసా మీద మాత్రం ఒకే వాక్యం: కాగితాలు సరిగా వుంటే వీసా సులువుగానే వస్తుందని. నా పేచీ అంతా ఆ ఒక్క వాక్యంతోనే. కాగితాలు సరిగా వుండడమంటే ఏమిటో, అవి ఎవరికి వుంటాయో, ఎవరికి ఎన్నటికీ వుండవో ఆ వాక్యం దాచిపెడుతున్నది. సాహిత్యంలో వర్గదృష్టి ఎక్కడున్నదని అడిగేవారికి నేను చూపించగల తాజా వుదాహరణ ఇదే.

ముందు ఆ కాగితాల సంగతి చూద్దాం. యాత్రికులు చెప్పకుండా వదిలేసిన సమాచారం ఎలాగూ చెప్పవలసిందే గదా!

మాల్టా 2004లో యూరోపియన్ యూనియన్‌లోనూ, 2007 డిసెంబరులో షెంగెన్ ఏర్పాటులోనూ చేరింది. కనక భారతీయుడు అక్కడికి విహారానికి పోవాలంటే షెంగెన్ వీసా కావాలి. దాని మీద ఏ 180 రోజుల కాలంలోనైనా 90 రోజులకు మించి వుండరాదు. పాస్‌పోర్టు గత పదేళ్ళలోపు జారీ అయినదై, తిరుగుప్రయాణపు తేదీ దాటాక మరో 3 నెలలు చెల్లేదై, 2 ఖాళీ పుటలు కలదై వుండాలి. కనీసం 30,000 యూరోల వైద్యఖర్చు భరించే ప్రయాణ బీమా కావాలి. బస ఎక్కడో, తిరుగు టిక్కెట్టు ఏదో చూపాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు పడుతుంది; 45 రోజులదాకా కూడా సాగవచ్చు. 2024 జూన్ 11 నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు. వీసా నిరాకరించినా ఆ డబ్బు తిరిగి రాదు. వేలిముద్రలు ఇవ్వడానికి మనిషి స్వయంగా పోవాలి. వెలిగండ్లలో వుండేవాడు అందుకోసం ఏ మహానగరానికో రాత్రి బస్సెక్కవలసిందే.

సైప్రస్ పద్ధతి వేరు. అది కూడా 2004లోనే యూరోపియన్ యూనియన్‌లో చేరినా, షెంగెన్‌లో అప్పుడు చేరలేదు. చాలా ఏళ్ళు దాని వీసా వేరుగానే నడిచింది. చేరే ప్రయత్నం తర్వాత మొదలుపెట్టింది కనక, పోదలచినవారు బయలుదేరేనాటి నిబంధన చూసుకోవాలి. 1974 నుంచి ఆ దీవి రెండు ముక్కలై వున్నది. ఉత్తరభాగపు విమానాశ్రయంలో దిగితే నికోసియా ప్రభుత్వం దాన్ని అక్రమప్రవేశంగా లెక్కిస్తుంది. లార్నకాలోనో, పాఫోస్‌లోనో దిగడం క్షేమం. రెండు దీవుల్లోనూ బండ్లు మనలాగే రోడ్డుకు ఎడమపక్కన నడుస్తాయి. ఇంగ్లీషువాడు పోతూ పోతూ అక్కడా ఇక్కడా వదిలిపోయిన అలవాటు అది.

ఇంతవరకు చదివితే ఇందులో అన్యాయమేమున్నదని అనిపించవచ్చు. అసలు పరీక్ష ఇంకో రెండు అంశాల్లో వున్నది. ఒకటి, నీ ఖర్చులు భరించే స్తోమతు నీకున్నదని చూపాలి. రెండు, గడువు ముగిశాక తిరిగి వస్తావని అధికారికి నమ్మకం కలిగించాలి. ఈ రెంటికీ సాక్ష్యంగా అడిగేవి బ్యాంకు ఖాతా లెక్కలు, ఆదాయపు పన్ను రిటర్నులు, జీతపు చీటీలు, యజమాని సెలవు మంజూరు చేసిన వుత్తరం.

ఈ పరీక్షకు వెలిగండ్ల మండలంలో అయిదెకరాల మెట్ట వున్న రైతును నిలబెట్టి చూడండి. 1970లో కొత్త జిల్లా ఏర్పడేదాకా అది నెల్లూరు జిల్లా కనిగిరి తాలూకా. జిల్లా పేరు మారింది గాని నేల మారలేదు. వానకు ఎదురుచూసే భూమి, ఫ్లోరైడు నీళ్ళు. రైతుకు పంట డబ్బు ఏడాదికి ఒకసారి వస్తుంది, వారం తిరక్కముందే బాకీలకు పోతుంది. బ్యాంకు పుస్తకంలో ఆయన ఆదాయం కనిపించదు, ఆయన బాకీ కనిపిస్తుంది. వ్యవసాయాదాయం మీద మన దేశంలో ఆదాయపు పన్ను లేదు, చట్టమే మినహాయించింది. ఆ మినహాయింపు వల్ల ఆయన దగ్గర రిటర్ను లేదు; రిటర్ను లేదు కనక కాగితాలు సరిగా లేవు! ఇక సెలవు వుత్తరమంటారా, ఆయనకు సెలవు మంజూరు చేసే యజమాని ఎవరు? వానదేవుడా?

నిరాకరణ పత్రంలో టిక్కు పెట్టే కారణాల్లో ఒకటి, దరఖాస్తుదారు తిరిగి వెళ్ళిపోతాడనడంలో సహేతుకమైన సందేహమున్నదని. తెలుగు చదువుకున్నవాణ్ణి, ఒక వాక్యాన్ని దాని అర్థందాకా పట్టుకుపోవడం నా వృత్తి. ఈ వాక్యానికి అర్థమేమిటి? మూడు తరాలుగా ఆ నేలను వదల్లేక ఆ నీళ్ళే తాగుతున్న మనిషి తిరిగి రాడని అనుమానం. మూడు నగరాల్లో మూడిళ్ళుండి, నాలుగో చోట కొనడానికి సిద్ధంగా వున్నవాడు తప్పకుండా తిరిగి వస్తాడని నమ్మకం. మనిషికీ మట్టికీ వున్న బంధాన్ని ఈ దస్తావేజు గుర్తించదు. మనిషికీ ఆస్తికీ వున్న బంధాన్ని మాత్రమే గుర్తిస్తుంది. నెలజీతం చీటీ చేతిలో వుండే నాబోటి అధ్యాపకుడు ఈ పరీక్షలో ఏదో విధంగా గట్టెక్కుతాడు. నా దగ్గర చదువుకునే కుర్రవాడి తండ్రి గట్టెక్కడు. మా యిద్దరికీ వున్న తేడా నిజాయితీలో లేదు.

ఇక్కడ మన యాత్రికులు యిచ్చే సలహాలు చూడండి. దరఖాస్తుకు కొన్ని నెలల ముందే ఖాతాలో మంచి నిలవ చూపించుకోమంటారు. వున్నవాడికి అది సలహా. లేనివాడికి దాని అర్థం వడ్డీకి తెచ్చి వేసుకోమని. అద్దెనగలు పెట్టి పిల్లను పెళ్ళిపీట మీద కూర్చోబెట్టినట్టు, అద్దె డబ్బుతో మనిషిని కిటికీ ముందు నిలబెట్టమనడం ఇది. ఆ వడ్డీ మీదా, దొంగ బుకింగుల మీదా దళారులు బతుకుతారు. పట్టుబడితే శిక్ష దరఖాస్తుదారుకే. పట్టాదారు పాసుపుస్తకాన్నీ, పంట అమ్మిన చీటీలనూ ఇంగ్లీషు తర్జుమాలతో జతపరచవచ్చనీ, నిరాకరించినప్పుడు కారణం రాతపూర్వకంగా చెప్పి తీరాలనీ, దానిమీద అప్పీలు హక్కు వున్నదనీ ఈ వ్యాసాల్లో ఒకరైనా రాశారా?

పైగా ఒకసారి లోపలికి పోయినవాడికి దారి మరింత సులువు. 2024 ఏప్రిల్‌లో భారతీయులకోసం వచ్చిన కొత్త నియమం ప్రకారం, గత మూడేళ్ళలో రెండు షెంగెన్ వీసాలు సక్రమంగా వాడుకున్నవాడికి రెండేళ్ళ వీసా ఇవ్వవచ్చు. ఆ తరువాత అయిదేళ్ళది. మన పత్రికలు దాన్ని భారతీయులందరికీ దక్కిన వరంగా పొగిడాయి. ఏ భారతీయులందరికి?

సరిహద్దు కాచుకొనే హక్కు ప్రతి దేశానికీ వుంటుంది గదా అని కొందరంటారు. ఉంటుంది. కాని ఈ దీవులు ఆ హక్కును ఎట్లా వాడుకున్నాయో చూడండి. ముందు వాకిలి దగ్గర మన రైతును ఆరు నెలల బ్యాంకు లెక్కలడిగిన కాలంలోనే, పెరటివాకిలి దగ్గర పౌరసత్వాన్నే అమ్మారు. సైప్రస్‌లో ఇరవై లక్షల యూరోల పైబడిన పెట్టుబడికి పాస్‌పోర్టు దొరికేది. రహస్య చిత్రీకరణలో గుట్టు బయటపడి 2020 నవంబరు 1న ఆ పథకాన్ని ఎత్తివేశారు. ఇచ్చిన 6,779 పౌరసత్వాల్లో సగానికి పైగా చట్టవిరుద్ధమైనవని ఆ దేశం నియమించుకున్న విచారణ సంఘమే తరువాత తేల్చింది. మాల్టా 2014లో మొదలుపెట్టిన ఇటువంటి వ్యాపారం యూరోపియన్ న్యాయస్థానం 2025 ఏప్రిల్ 29న తప్పుపట్టేదాకా సాగింది. కనక ఆ కాపలా డబ్బులేనివాడి మీదనే. డబ్బున్నవాడికి ఇల్లే అమ్మకానికి పెట్టారు.

ఈ రెండు వాకిళ్ళ గుండా పోలేనివాళ్ళు మూడో దారి వెతుక్కున్నారు. 1996 డిసెంబరు 25 తెల్లవారుజామున మాల్టాకూ సిసిలీకీ మధ్య ఒక చిన్న పడవ మునిగి కనీసం 283 మంది చనిపోయారు. భారతదేశం, పాకిస్తాన్, శ్రీలంకల నుంచి పోయినవాళ్ళు. మన యాత్రికుల నాలుగు పుటల నీలి సముద్రం అదే సముద్రం.

ఒకప్పుడు అదే దారిన మనవాళ్ళను పిలిచి మరీ తీసుకుపోయారు. 1878లో రష్యాను బెదిరించడానికి ఇంగ్లండు భారత సైన్యాన్ని మాల్టాలో దింపింది. సుమారు 7,000 మంది. అందులో మద్రాసు సైన్యపు సిపాయీలూ, సాపర్లూ వున్నారు. మద్రాసు సైన్యంలో తెలుగువారి చరిత్ర మనకు తెలిసిందే. వాళ్ళలో కొందరిని అక్కడినుంచే సైప్రస్ ఆక్రమణకు పంపారు. మద్రాసు రాజధాని మహాక్షామంలో మాడుతున్న ఏళ్ళవి. ఆ సిపాయిని ఎవరూ బ్యాంకు నిలవ అడగలేదు. తరువాత దీవులు స్వతంత్రమయ్యాయి, సైప్రస్ 1960లో, మాల్టా 1964లో. రెండూ అలీనోద్యమంలో మనతో ఒకే పంక్తిన కూర్చున్నాయి. సైప్రస్‌లో ఐక్యరాజ్యసమితి శాంతిసేనను నడుపుతూ జనరల్ తిమ్మయ్య 1965 డిసెంబరులో ఆ నేల మీదనే కన్నుమూశాడు. యూరప్ పంక్తిలో పీట దొరికిన 2004లో రెండు దేశాలూ అలీనోద్యమం నుంచి లేచిపోయాయి.

పరదేశాన్ని అని మన యింటి తప్పు దాచుకోవడం కూడా నాకిష్టం లేదు. 1983 వలస చట్టం కింద, పదో తరగతి దాటనివాడి పాస్‌పోర్టు వేరే రకంగా చూడబడుతుంది. నిర్ణీత దేశాలకు పనికి పోవాలంటే వాడు ప్రభుత్వ అనుమతి తెచ్చుకోవాలి. రక్షణకోసమేనంటారు. కాని ఆదాయపు పన్ను కట్టేవాడికి, చదువు లేకపోయినా, ఆ తనిఖీ లేదు! 2018 జనవరిలో వాళ్ళకు ఏకంగా నారింజరంగు పాస్‌పోర్టు ఇస్తామని ప్రకటించారు. నిరసనలు చెలరేగి ఆ నెలాఖరుకే మానుకున్నారు. విదేశయానం పౌరుడి వ్యక్తిస్వేచ్ఛలో భాగమని 1967లో సుప్రీంకోర్టు చేత చెప్పించిన తీర్పు రాసింది మన తెలుగువాడే, ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. ఆ హక్కు పనికోసం పోయేవాడికే అని ఆయన అనలేదు.

ఇందుకే, మెట్టరైతు మాల్టా చూడకపోతే వచ్చిన లోటేమిటని వేళాకోళమాడేవారితో నాకు రాజీ లేదు. పేదవాడు దేశం దాటితే కూలికే దాటాలి, కళ్ళతో చూసే సుఖం మాత్రం జీతగాళ్ళకూ భూస్వాములకూ వుండాలి అనడం కన్నా నీచమైన సౌందర్యశాస్త్రం ఇంకొకటి లేదు.

అందాన్ని రాస్తుంటే అర్జీకాగితాల గొడవెందుకని రసికులు అడుగుతారు. మన యాత్రాసాహిత్యానికి మొదటివరసలో వున్న ఏనుగుల వీరాస్వామిని చూడమంటాను. 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి చేరినవాడు. సుప్రీంకోర్టులో పెద్ద వుద్యోగి, వెంట పెద్ద పరివారం, పేదవాడేమీ కాడు. అయినా తన వెనక రాబోయేవాడు కళ్ళముందున్నట్టు, ఏ మజిలీలో సరుకులు దొరుకుతాయో, నీళ్ళెట్లా వుంటాయో, దారి ఎట్లాంటిదో రాసుకుంటూ పోయాడు. ఆ పుస్తకానికి ఆ వివరాలే ప్రాణం. ఈనాటి మజిలీ వీసా కిటికీ. దాన్ని దాటవేసి సముద్రం దగ్గర కథ మొదలుపెట్టేవాడు తన ప్రయాణంలో మొదటి సగం మింగేస్తున్నాడు.

కనక యాత్రికులను నేను కోరేది స్వల్పం. మీ దరఖాస్తుకు ఎంతయిందో రాయండి. మీరేమి చూపించగలిగారో, అది మీకు ఎక్కడిదో రాయండి. మీ పక్క వరసలో నిలబడి కాగితం తిరిగి పుచ్చుకున్నవాడి ముఖం చూసివుంటే అదీ రాయండి. పత్రికల సంపాదకులు అటువంటి వ్యాసం కోసం రెండు పుటలు కేటాయించాలి. నీలి సముద్రానికి రెండు పుటలు తగ్గినా అది ఇంకిపోదు.