ఇంటిపని యెవరి పని?

ప్రాథమిక తరగతుల పిల్లల హోంవర్కుకు తల్లిదండ్రులు యెలా తోడ్పడాలి అన్న ప్రశ్నకు చాలామంది పెద్దలు తేలికగా సమాధానం చెప్పేస్తున్నారు. పిల్లవాడికి యింట్లో నిశ్శబ్దమైన మూల వొకటి వుండాలట. బల్ల, కుర్చీ, మంచి దీపం వుండాలట. రోజూ వొకే వేళకు కూర్చోబెట్టాలట. తల్లో తండ్రో పక్కన కూర్చుని, తాము చేసిపెట్టకుండా, దారి మాత్రం చూపాలట. వినడానికి యీ సలహాల్లో తప్పేమీ కనబడదు. కాని యివి యెవరికోసం? బల్ల వున్న యింటికి, సాయంత్రం ఆరింటికి తీరిక దొరికే తల్లికి, పాఠ్యపుస్తకం చదవగల తండ్రికి. అంటే, సలహా అవసరం లేనివాళ్లకు సలహా. మిగతావాళ్లకు యిది సలహా కాదు, నింద.

ఆ నింద మీదనే నా అభ్యంతరం. నేను ప్రాథమిక పాఠశాలలో పాఠం చెప్పుకుని బతికేవాణ్ణి. మా వృత్తిలో తరచు వినబడే మాట వొకటుంది: "మేం చెప్పేది చెబుతూనే వున్నాం, యింటి దగ్గర పట్టించుకునేవాళ్లు లేరు." యీ మాట అనేవాళ్లలో అభ్యుదయ భావాలు గలవాళ్లూ వున్నారు గనకనే యిది యిక్కడ రాయవలసి వచ్చింది. చదువులో వెనకబాటుకు కారణం పేదరికమని సభల్లో చెబుతాం. మర్నాడు బడిలో ఆ పేదరికానికే పిల్లవాడి నోటుబుక్కులో యెర్రసిరాతో సున్నా చుడతాం. యీ రెండింటికీ పొత్తు యెలా కుదురుతుంది?

"పట్టించుకోని" యిల్లు అంటే యేమిటో చూద్దాం. మిరప కోతల కాలంలో గుంటూరు, ఖమ్మం ప్రాంతాల్లో కూలితల్లి తెల్లవారకముందే ఆటో యెక్కుతుంది, పొద్దుగూకాక దిగుతుంది. చేతులు ఘాటుకు మండుతూ వుండగానే పొయ్యి వెలిగిస్తుంది. ఆ పిల్ల తల దువ్వుకుని బడికి రావడమే ఆమె పట్టించుకోవడం. నిజామాబాదు, జగిత్యాల వైపు బీడీలు చుట్టే యిళ్లకు పోండి. అక్కడ యిల్లే కార్ఖానా. తల్లి చాట వొళ్లో పెట్టుకుని వెయ్యికింత అన్న లెక్కన చుడుతూ వుంటే, బడినుంచి వచ్చిన ఆడపిల్ల ఆకు కత్తిరిస్తుంది, మూతులు వొత్తుతుంది, కట్టలు కడుతుంది. ఆ పిల్లకు రెండు హోంవర్కులు. వొకటి సేటు యిచ్చింది, రెండోది మనం యిచ్చింది. రెండూ యింట్లోనే, వేళాపాళా లేకుండా, ఆడవాళ్ల చేతుల మీదుగా జరగవలసినవే. రెండింటిలోనూ సరుకు బాగాలేదని తీసిపారేస్తే నష్టం యింటిదే. పోలిక కటువుగా వున్నా అబద్ధం మాత్రం కాదు.

అసలు విషయం యిది: బడివేళలో పూర్తి చేయవలసిన పనిని పూర్తి చేయకుండా, మిగిలినదాన్ని జీతం లేని వొక సహాయకురాలికి అప్పగించడమే యీనాటి హోంవర్కు. ఆ సహాయకురాలు తల్లి. ఆమె చదువుకున్నదైతే తానే చెబుతుంది, డైరీలో సంతకం పెడుతుంది. "ప్రాజెక్టు" అంటే రాత్రి తొమ్మిదింటికి చార్టు, థర్మోకోలు షీటు కొనుక్కొచ్చి తానే బొమ్మ అతికిస్తుంది. మార్కులు పిల్లవాడివి, పని తల్లిది. చదువుకోనిదైతే ట్యూషన్‌కు డబ్బు కట్టాలి. రెండూ చేతగానిదైతే పిల్ల మర్నాడు బల్లమీద నిలబడాలి. పైగా యిప్పుడు హోంవర్కు వాట్సాప్‌లో వస్తున్నది. యింట్లో వున్న ఫోను వొక్కటే. అది తండ్రితో పాటు పనికి పోయింది. ఫీజు తీసుకున్న బడి చెప్పని పాఠానికి మళ్లీ ట్యూషన్ ఫీజు కట్టించుకునే యీ యేర్పాటును వ్యాపారం అనక మరేమంటారు?

దీనికి మాధ్యమం తోడయింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ప్రాథమిక తరగతులను పూర్తిగా ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చే వుత్తర్వు తెచ్చింది. 2020లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. తెలంగాణ ప్రభుత్వం 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని విస్తరించింది. పేదపిల్లలు ఇంగ్లీషు నేర్చుకోవాలన్న కోరిక న్యాయమైనదే. దాన్ని యెగతాళి చేసే హక్కు, సొంత పిల్లల్ని ఇంగ్లీషు బడులకు పంపిన మనలాంటివాళ్లకు బొత్తిగా లేదు. కాని ఫలితం చూడండి. తెలుగు పాఠమైతే అక్షరం రాని తల్లి కూడా, "యేదీ, వొకసారి చదివి వినిపించు" అనగలిగేది. తప్పు పోతే చెవికి తట్టేది. ఇంగ్లీషు పాఠం ముందు ఆమెకు ఆ పాటి చోటు కూడా లేకుండా పోయింది. తన బిడ్డ చదువు ముందు తల్లిని మూగదాన్ని చేసి, పట్టించుకోవడం లేదని ఆమెనే దూషించడం యెంతవరకు సమంజసం?

యిదంతా కేవలం వామపక్షపు గొణుగుడు అనుకునేవాళ్లు పాలకుల కాగితాలే తిరగేయవచ్చు. ఆర్.కె. నారాయణ్ రాజ్యసభ సభ్యుడుగా వున్నప్పుడు పిల్లల పుస్తకాల బరువు గురించి మాట్లాడారు. ఆ తర్వాత యశ్‌పాల్ అధ్యక్షతన యేర్పడిన సంఘం 1993లో నివేదిక యిస్తూ, ప్రాథమిక దశలో హోంవర్కు వద్దనీ, యింటి పరిసరాలను పరిశీలించే పని మాత్రం వుండవచ్చుననీ చెప్పింది. వొకటి, రెండు తరగతులకు హోంవర్కు యివ్వరాదని మద్రాసు హైకోర్టు 2018 మేలో ఆదేశించింది. కేంద్రం 2020లో ప్రకటించిన స్కూలు బ్యాగు విధానం రెండో తరగతి వరకు అసలే వద్దన్నది; మూడు నుంచి అయిదు వరకు వారానికి రెండు గంటలు మించరాదన్నది. రోజుకు కాదు సుమండీ, వారానికి! చైనా 2021లో వొకటి, రెండు తరగతులకు రాతపని హోంవర్కును నిషేధించి, లాభాల ట్యూషన్ సంస్థల మీద వేటు వేసింది. హోంవర్కు మీద జరిగిన పరిశోధనలను పోగుచేసి 2006లో ప్రచురించిన హారిస్ కూపర్ బృందం కూడా, పై తరగతుల్లో కనబడే ప్రయోజనం చిన్న తరగతుల్లో చాలా బలహీనమని తేల్చింది.

యిక్కడ ప్రత్యర్థులు వొక మాట అంటారు: "హోంవర్కు కావాలని అడిగేది తల్లిదండ్రులే. యివ్వకపోతే ఆ బడిలో చదువు లేదంటారు." నిజమే, అంటారు. నాతోనూ అన్నారు. కాని యెందుకంటారు? బడిలో యేం జరిగిందో తెలుసుకునేందుకు వాళ్లకు మరో ఆధారం మనం యివ్వలేదు గనక. నిండిన నోటుబుక్కు వొక్కటే వాళ్లకు కనబడే రుజువు. రుజువు కావాలనడం వాళ్ల హక్కు. రుజువు పేరిట చూచిరాత పది పేజీలు అంటగట్టడం మన సోమరితనం.

మరికొందరు, "ఎక్కాలు, గుణింతాలు మళ్లీమళ్లీ చేయకుండా వస్తాయా?" అంటారు. రావు. అభ్యాసం కావలసిందే. ఆ అభ్యాసం తప్పు దొర్లినచోట దిద్దే మనిషి పక్కన వుండగా జరగాలి. ఆ మనిషి వుండేది బడిలో. రాత్రంతా తప్పును యాభైసార్లు రాసిన పిల్లవాడు తప్పును బాగా నేర్చుకుంటాడు, అంతే.

అయితే తల్లిదండ్రులు చేయగలిగింది యేమీ లేదా? చాలా వుంది. అది గురువు పని కాదు, వాళ్ల పనే. పిల్లలు బడిమానకుండా చూడడం, వేళకు నిద్రపుచ్చడం, కొట్టకుండా వుండడం. "ఇవాళ బళ్లో యేం జరిగింది?" అని అడిగి చెవినివ్వడం. పిల్ల తన మాటల్లో పాఠం చెప్పగలిగితే పాఠం వచ్చినట్టే. అది వినడానికి తల్లికి అక్షరాలు అక్కర్లేదు. ఇంగ్లీషు పాఠమైనా సరే, తెలుగులో చెప్పమనవచ్చు.

మనం యిచ్చే పని కూడా మారాలి. తల్లిదండ్రుల అజ్ఞానాన్ని కాక జ్ఞానాన్ని యింటికి వెళ్లి అడిగే పని యివ్వాలి. కట్టకు యిరవై అయిదు బీడీలయితే వెయ్యికి యెన్ని కట్టలు? సేటు యాభై తీసిపారేస్తే అమ్మకు యెంత తగ్గింది? యెకరానికి విత్తనం యెంత పడుతుంది? తాత యెన్ని రకాల గడ్డి పేర్లు చెప్పగలడు? యీ లెక్కలో గురువు తల్లే. మర్నాడు బడిలో ఆమె జవాబు నల్లబల్ల మీదకు యెక్కుతుంది. యశ్‌పాల్ సంఘం చెప్పిన యింటి పరిసరాల పరిశీలన అంటే నాకు అర్థమైంది యిదే. కూలి లెక్క పిల్లకు రావడం కొందరికి నచ్చకపోవచ్చు. అది వేరే సంగతి.

కాని యింటి సలహాలతో బడి బాధ్యత తీరదు. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం అరవైమంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి యిద్దరు వుపాధ్యాయులు వుండాలి. వొక్క పంతులు అయిదు తరగతులూ లాగే బడులు రెండు రాష్ట్రాల్లోనూ యింకా వున్నాయి. అక్కడ బడివేళలో అభ్యాసం జరగకపోవడం పంతులు తప్పూ కాదు, తల్లి తప్పూ కాదు. ఆ పోస్టు నింపని ప్రభుత్వానిది. అదే చట్టం పాఠశాల యాజమాన్య కమిటీలో మూడువంతుల పైగా, అంటే నూటికి డెబ్బయ్ అయిదుగురు తల్లిదండ్రులే వుండాలన్నది. సభ్యుల్లో సగం మంది స్త్రీలు వుండాలన్నది. తల్లుల చేత డైరీలో సంతకం పెట్టించే బడి, ఆ కమిటీ తీర్మానాల మీద యెన్నిసార్లు పెట్టించింది?

మరొక చోటు వుంది. గ్రంథాలయోద్యమం పుట్టిన నేల మనది. 1960 చట్టం కింద ఆస్తిపన్నులో రూపాయికి యెనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతున్నది. ఆ డబ్బుతో వూరి గ్రంథాలయంలో సాయంత్రం రెండు గంటలు దీపం, చాప, పుస్తకాలు, జీతం యిచ్చి పెట్టిన వొక మనిషి వుంటే, నిశ్శబ్దమైన మూల ప్రతి పిల్లకూ దొరుకుతుంది.

అందుచేత వుపాధ్యాయ మిత్రులను, విద్యార్థి మిత్రులను నేను కోరేది స్పష్టం. సాయం లేకుండా పిల్ల చేయలేని పనిని యింటికి పంపకండి. చేయలేదని శిక్షించకండి. ఖాళీ పోస్టులకోసం, సాయంత్రపు గ్రంథాలయాలకోసం చేసే పోరాటంలోకి ఆ తల్లులను పిలవండి. వాళ్లు వస్తారు. బిడ్డల చదువు సంగతి వాళ్లు మనకంటే యెక్కువగానే పట్టించుకుంటారు.