మిడ్ సఫోక్ ఓటర్ల తీర్పు

ఇంగ్లండు తూర్పు ప్రాంతమందలి సఫోక్ కౌంటీలో మిడ్ సఫోక్ డిస్ట్రిక్టు కౌన్సిలునకు 2023 మే 4వ తేదీన ఎన్నిక జరిగినది. ఆ కౌన్సిలునందలి 34 స్థానములలో 24 గ్రీన్ పార్టీకి లభించినవి. కన్సర్వేటివులకు 6, లిబరల్ డెమొక్రాట్లకు 4 మిగిలినవి. లేబరు పార్టీకి ఒక్కటియు దక్కలేదు. ఇంగ్లండులోని ఒక కౌన్సిలునందు గ్రీన్ పార్టీ ఎవరి తోడును లేకయే సంపూర్ణాధిక్యమును పొందుట అదియే ప్రథమము.

ఆ దినముననే ఇంగ్లండు మొత్తముమీద కన్సర్వేటివులు వేయికి పైగా స్థానములను పోగొట్టుకొనిరి. కనుక ఇదియు ఆనాటి ప్రభుత్వముపై ప్రజలకు గల్గిన విసుగు ఫలితమే యని కొందరు తేల్చివేయవచ్చును. మే మట్లు తలపము. విసుగొక్కటియే కారణమైనచో ఆ ఓట్లు పార్లమెంటులో ప్రధాన ప్రతిపక్షమైన లేబరునకు పోయియుండవలెను. స్టోమార్కెట్, నీధమ్ మార్కెట్, ఐ అను చిన్న పట్టణములును, వాని చుట్టును పొలములును పల్లెలును గల సీమ అది. విద్యార్థులతో నిండిన నగరము గాదు, కర్మాగారముల కేంద్రము గాదు. అట్టిచోట గ్రీన్ పార్టీకి 2019లో 12 స్థానములుండెను. నాలుగేండ్లలో అవి రెట్టింపైనవి. ఇంటింటికి తిరిగి, వార్డువార్డునను కష్టసుఖములను విచారించినవారినే ఓటర్లు నమ్మిరని దీని యర్థము. 2024 జూలైలో జరిగిన పార్లమెంటు ఎన్నికలలో, ఈ డిస్ట్రిక్టులోని కొంత భాగమును చేర్చుకొని క్రొత్తగా ఏర్పడిన వేవ్నీ వ్యాలీ స్థానమును సయితము ఆ పార్టీయే గెలుచుకొనినది. పునాది క్రిందనే పడినది. మేడ పిమ్మట లేచినది.

అయినను గెలిచినవారి చేతికి వచ్చిన అధికార మెంత? చెత్త యెత్తించుట, ఇండ్ల కట్టడమునకు అనుమతు లొసగుట, స్థానిక పన్ను వసూలు చేయుట మొదలగునవి డిస్ట్రిక్టు కౌన్సిలు పనులు. రోడ్లు, పాఠశాలలు, వృద్ధుల సంరక్షణము కౌంటీ కౌన్సిలువి. అంతకు మించినవి లండనువి. నార్విచ్ నుండి టిల్బరీ వరకు, సఫోక్ పొలముల మీదుగా, ఎత్తైన ఉక్కు స్తంభములపై విద్యుత్తీగలను లాగవలెనని ఒక ప్రతిపాదన పుట్టినది. సముద్రమున గాలిమరలు పుట్టించు విద్యుత్తును గొనిపోవుటకు అట్టి మార్గము కావలెను. గాలినుండి విద్యుత్తు రావలెననుట గ్రీన్ పార్టీ సిద్ధాంతము. మా పొలములలో స్తంభములు వలదనుట పలు గ్రామముల వారి మొర. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుట ఆ పార్టీకి కఠినపరీక్షయే. కాని తుది నిర్ణయము కేంద్రమంత్రిదే గాని డిస్ట్రిక్టు కౌన్సిలుది గాదు.

అంతకంటె చింతింపవలసినది మరియొకటి కలదు. కౌంటీ, డిస్ట్రిక్టు అను రెండంతస్తుల పద్ధతిని తొలగించి, సుమారు 5 లక్షల జనాభాకు ఒక్కటి చొప్పున ఏక కౌన్సిళ్లను నెలకొల్పవలెనని బ్రిటిషు ప్రభుత్వము 2024 డిసెంబరులో శ్వేతపత్రమును ప్రకటించినది. ఈ మార్పుల పేరిటనే 2025 మే నెలలో జరుగవలసిన సఫోక్ కౌంటీ ఎన్నిక వాయిదా పడినది. రెండు కచేరీలకు బదులు ఒక్కటి యున్నచో వ్యయము తగ్గుననియు, ఏ పని ఎవరిదో ప్రజలకు తేటపడుననియు చెప్పుమాటలో నిజము లేకపోలేదు. కాని మిడ్ సఫోక్ జనాభా సుమారు లక్ష. ఇప్పుడు దాదాపు 3,000 మందికి ఒక సభ్యుడు గలడు. ఆ సభ్యుని తలుపు తట్టుట పేదవానికిని సాధ్యము. పెద్ద కౌన్సిలులో ఆ తలుపు దూరమగును. 1972 శాసనము ననుసరించి 1974లో వెలసిన ఈ కౌన్సిలును మరియొక సామాన్యశాసనముతో పార్లమెంటు రద్దు చేయవచ్చును. అచటి ప్రజల సమ్మతి పొందవలెనను నిర్బంధము లేదు. ఓటరు ఇచ్చిన తీర్పును ఓటరే మార్చవలెనను న్యాయమున కిది లోపము గాదా?

మనము ఇంగ్లండును చూచి నవ్వుకొనుటకు వీలులేదు. మన రాజ్యాంగమునకు 1992లో జరిగిన 73వ సవరణము, పంచాయతీల గడువు ముగియకమునుపే ఎన్నికలు జరుపవలెనని శాసించుచున్నది. అయినను ఆంధ్రప్రదేశమున 2018లో గడువు ముగిసిన గ్రామపంచాయతీలకు 2021లో గాని, తెలంగాణమున 2024 ఆరంభమున ముగిసినవానికి 2025 డిసెంబరులో గాని ఎన్నికలు జరుగలేదు. నడుమ ప్రత్యేకాధికారులు పాలించిరి. అచట వ్రాత లేదు. ఇచట వ్రాత యున్నను నడత లేదు.

స్వపరిపాలనము రాజధానిలో పుట్టి పల్లెకు దిగివచ్చు దానము గాదు. అది పల్లెలో మొలచి పైకి పెరుగవలసిన చెట్టు. మిడ్ సఫోక్ ఓటర్లు తమ పనిని తాము నెరవేర్చిరి. ఏ మార్పు తలపెట్టినను ముందుగా ఆ ఓటర్లనడిగి పిమ్మట చేయుట పాలకుల ధర్మము. లండనునకు చెప్పదగిన ఈ మాట అమరావతికిని హైదరాబాదునకును చెప్పదగినదే.