ఆధి శమిస్తే వ్యాధి శమించునా?

మనస్సుకు కలిగే బాధ ఆధి, దేహానికి కలిగే బాధ వ్యాధి. ఈ రెండింటి సంబంధాన్ని యోగవాసిష్ఠంలోని చూడాలోపాఖ్యానం విశదపరచింది. చిత్తం క్షోభించినప్పుడు ప్రాణవాయువుల గతి తప్పుతుంది, నాడులు విషమిస్తాయి, భుక్తాన్నం సరిగా జీర్ణం కాదు, చివరకు దేహం రోగగ్రస్తమవుతుంది. అయితే సర్వవ్యాధులూ ఆధిజన్యములే అని ఆ గ్రంథం చెప్పలేదు. ఆధిజన్యం కానివాటికి ఔషధాది చికిత్సలను అదే విధించింది. ఈ వివేకాన్ని నేడు పలువురు విస్మరిస్తున్నారు.

మోత్కూరు చేరివున్న పూర్వపు నల్లగొండ జిల్లానే చూడండి. భూగర్భజలాల్లోని ఫ్లోరైడ్ వల్ల ఇక్కడ ఎందరికో కీళ్ళు బిగుసుకున్నాయి, వెన్ను వంగిపోయింది. త్రాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదు. ఈ వ్యాధికి హేతువు జలమే గాని రోగి చిత్తం కాదు. అట్టివానితో "నీ ప్రారబ్ధం, అనుభవించు" అనడం ధర్మం కాదు. వ్యాధిపై ఆధిని కూడా మోపడమే అవుతుంది. రోగాన్ని వృద్ధిచేసేవాటిలో విషాదమే అగ్రగణ్యమని చరకసంహిత సూత్రస్థానం పేర్కొన్నది. చింత వల్ల కండరాలు బిగుస్తాయి, నిద్ర చెడుతుంది, మరునాటి నొప్పి ద్విగుణమైనట్లు తోస్తుంది.

మరి ఉపశమనమార్గం ఏది? జపమే సులభోపాయం. మంత్రాన్ని నిదానంగా ఉచ్చరించినప్పుడు నిశ్వాసం దీర్ఘమవుతుంది, హృదయగతి నెమ్మదిస్తుంది. ఇటలీ వైద్యులు 2001లో ప్రకటించిన పరిశోధనలో జపమాలా ప్రార్థన, మంత్రోచ్చారణ రెండూ శ్వాసను నిమిషానికి సుమారు 6 సార్లకు తగ్గించినట్లు తేలింది. నామం వేరైనా ఫలం ఒక్కటే. ఉదయసాయంకాలాల్లో పది నిమిషాలు చాలు. కూర్చోలేనివారు పడుకొనియైనా చేయవచ్చు. హృద్రోగులు, ఉబ్బసం ఉన్నవారు వైద్యుని అడగక కుంభకం పట్టరాదు.

సమీపంలోని యాదగిరిగుట్ట స్వామిని భక్తులు వైద్య నారసింహుడని కొలుస్తారు. దీర్ఘరోగులు మండలకాలం ప్రదక్షిణలు చేయడం అక్కడి ఆచారం. నియతాహారం, ప్రాతఃకాల నడక, నామస్మరణ, సహభక్తుల సాంగత్యం అన్నీ ఆ దీక్షలో ఇమిడి ఉన్నాయి. కాని స్వామిని వైద్యుడని నమ్మినవాడు ఔషధాన్ని వదలవలసిన పని లేదు. మాత్ర మింగేటప్పుడు కూడా నామం స్మరించవచ్చు. దేహానికి మందు, మనస్సుకు మంత్రం. ఒకటి మరొకదానికి ప్రత్యామ్నాయం కాదు. రోగి చెంత కూర్చునేవారు తీర్పు చెప్పక, ఓర్పుతో వినడమే వారు చేయగల సేవ.