అరుదైన జబ్బు.. ఆలస్యమే ముప్పు
మూత్రాశయ, ప్రొస్టేట్‌ సార్కోమాలకు మందులున్నా గుర్తింపే సమస్య

విశాఖపట్నం: రెండు మూడేళ్ల బాలుడు మూత్రానికి వెళ్లినప్పుడల్లా ముక్కుతూ ఏడుస్తుంటే వేడి చేసిందనుకుంటారు. బార్లీ నీళ్లు, సబ్జా గింజలు పట్టిస్తారు. తగ్గకపోతే ఊళ్లోని ఆర్‌ఎంపీ ఇచ్చిన యాంటీబయాటిక్‌ వాడతారు. చాలామందిలో అది ఇన్‌ఫెక్షనో, రాయో అయి ఉంటుంది. అతి కొద్దిమందిలో మాత్రం మూత్రాశయం గోడలోనో, ప్రొస్టేట్‌ గ్రంథిలోనో కండర కణాల నుంచి పుట్టిన క్యాన్సర్‌ గడ్డ మూత్రానికి అడ్డుపడుతుంది. దీనినే ర్యాబ్డోమయోసార్కోమా అంటారు. అరుదైనది కాబట్టే ఇది ఎవరి అనుమానానికీ అందదు. వారాలు గడిచేకొద్దీ గడ్డ పెరుగుతుంది.

తొలగింపు నుంచి కాపాడటం వరకు..
1960 దశకం వరకు ఈ పిల్లలకు మూత్రాశయంతో పాటు చుట్టుపక్కల అవయవాలనూ తొలగించడమే ప్రధాన చికిత్స. బతికి బయటపడినవారు జీవితాంతం పొట్టపై సంచితో గడపాల్సి వచ్చేది. 1972లో అమెరికాలో పలు ఆసుపత్రులు కలిసి చేపట్టిన అధ్యయనాలు ఈ పద్ధతిని మార్చాయి. ముందు కీమోథెరపీ, ఆపై రేడియేషన్‌, అవసరమైన మేరకే శస్త్రచికిత్స అన్న క్రమం స్థిరపడింది. 1984-91 మధ్య సాగిన మూడో అధ్యయనం నాటికి సుమారు 60 శాతం మందిలో మూత్రాశయాన్ని నిలపగలిగారు. వ్యాధి ఇతర అవయవాలకు పాకని పిల్లల్లో నూటికి 80 మంది వరకు బతికినట్లు తరువాతి అధ్యయనం చూపింది. ఊపిరితిత్తులకు, ఎముకల మజ్జకు పాకితే ఆ అవకాశం బాగా తగ్గిపోతుంది.

మన పెరటి మొక్కే మందు
ఈ చికిత్సలో వాడే విన్‌క్రిస్టిన్‌ మన పెరళ్లలో పూసే బిళ్ల గన్నేరు నుంచి వచ్చినదే. దానికి తోడుగా ఇచ్చే యాక్టినోమైసిన్‌-డి, సైక్లోఫాస్ఫమైడ్‌ కూడా దశాబ్దాల నాటి మందులే. అంటే కొరత కొత్త మందులది కాదు.. సకాలంలో గుర్తించడానిది, చికిత్సను మధ్యలో ఆపకుండా పూర్తి చేయడానిది.

పెద్దల్లో వేరు
పెద్దల మూత్రాశయంలో వచ్చే సార్కోమాల్లో లియోమయోసార్కోమా ప్రధానమైనది. మూత్రాశయ, ప్రొస్టేట్‌ క్యాన్సర్లలో సార్కోమాలు ఒక శాతం లోపే. పిల్లల మాదిరిగా ఇవి కీమోకు అంతగా లొంగవు. గడ్డను అంచులతో సహా పూర్తిగా తొలగించడమే ప్రధాన ఆధారం. ప్రొస్టేట్‌ సార్కోమాలో పీఎస్‌ఏ రక్తపరీక్ష సాధారణంగానే ఉండవచ్చు. ఆ నివేదిక చూసి నిశ్చింతగా ఉండిపోవడమే చాలాసార్లు చేటు తెస్తుంది.

దారి దగ్గరైనా..
ఒకప్పుడు ఉత్తరాంధ్రలో ఇలాంటి జబ్బు బయటపడితే హైదరాబాద్‌కో, ముంబయికో రైలెక్కాల్సిందే. నేడు విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్‌కు చెందిన హోమీ భాభా క్యాన్సర్‌ ఆసుపత్రి ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్‌ వైద్యసేవగా పేరు మారిన పథకం పేదల క్యాన్సర్‌ చికిత్సకు అండగా నిలుస్తోంది. అయితే చికిత్స ఆరు నెలల నుంచి ఏడాది వరకు సాగుతుంది. వారానికో, మూడు వారాలకో మన్యం గ్రామం నుంచి బిడ్డతో నగరానికి రావాలి. బస, తోడు వచ్చినవారి కూలి నష్టం చాలావరకు కుటుంబం మీదే పడతాయి. గడ్డ కరిగి మూత్రం సాఫీగా రాగానే నయమైందనుకుని చికిత్స మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఉంది.

చేయాల్సింది ఇదీ..
మూత్రంలో రక్తం, మూత్రం ఆగిపోవడం, పొత్తికడుపులో గట్టి వాపు కనిపిస్తే ఒక కోర్సు మందులతో సరిపెట్టకుండా అల్ట్రాసౌండ్‌ పరీక్ష చేయించాలి. గడ్డ ఉందని తేలితే అక్కడికక్కడే కోసి తీసేయడం తొందరపాటే అవుతుంది. క్యాన్సర్‌ కేంద్రంలో ముక్క పరీక్షతో రకాన్ని నిర్ధారించుకుని, పిల్లల క్యాన్సర్‌ వైద్యుడు, శస్త్రవైద్యుడు, రేడియేషన్‌ నిపుణుడు కలిసి నిర్ణయం తీసుకోవాలి. ప్రాంతీయ ఆసుపత్రుల నుంచి నేరుగా అక్కడికి పంపే ఏర్పాటు, చికిత్స మానేసిన కుటుంబాలను ఆశా కార్యకర్తల ద్వారా తిరిగి రప్పించే బాధ్యత జిల్లా వైద్యశాఖ తీసుకోవాలి. కేసులు కొన్నే కావచ్చు.. నిలిచేవి మాత్రం పసి ప్రాణాలు.