ఎవరి పత్యం? ఎవరి సంగటి?

మొన్న మా పల్లెలో ఒక అక్క నా చేతిలో ఒక పుస్తకం పెట్టింది. అట్టమీద సన్నటి నడుమున్న ఆడమనిషి బొమ్మ. ఆమె చేతిలో గాజుగిన్నె, గిన్నెలో ఏవో ఆకులు. ఒళ్ళు తగ్గాలనుకునేవాళ్ళు వండుకోవాల్సిన వంటలంట. "నాకు షుగర్ వచ్చిందని నేను అంట్లు తోమే ఇంటావిడ ఇచ్చింది తమ్ముడా. ఇట్టా తింటే మందుబిళ్ళలు కూడా అక్కర్లేదంటంది. ఏముందో చదివి చెప్పు, నాకు అక్షరం రాదు గదా" అన్నది.

అరుగు మీద కూర్చుని చదివాను. ఇంకో నలుగురైదుగురు ఆడోళ్ళు చేరారు. మొదటి వంట కొర్రన్నం. రెండోది సజ్జరొట్టె. ఆ తర్వాత అరికెల గంజి, రాగి సంగటి, పొన్నగంటాకు పప్పు. చదువుతుంటే ఒక ముసలమ్మ అడ్డం తగిలింది. "ఇదేందిరా అబ్బయ్యా, ఇది మాయమ్మ వండిందే గదా! దీనికి పుస్తకమెందుకు?" అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఎందుకు రాలేదో చెప్తా. నేను చదువుకునేటప్పుడు సంగటి ముద్ద మూట విప్పితే పక్కన కూర్చున్న పిలకాయలు జరిగి కూర్చునేవాళ్ళు. వాళ్ళ గిన్నెలో తెల్లన్నం, మన గిన్నెలో నల్ల ముద్ద. తినే తిండితోనే నీ కులమేందో, నీ ఇల్లు ఊళ్ళో ఉందో ఊరవతల ఉందో చెప్పేసేవాళ్ళు. ఇయ్యాళ అదే ముద్దకు రంగుల బొమ్మ తీసి, పక్కన కొత్తిమీర పెట్టి, అది తింటే నాజూగ్గా ఉంటారని రాస్తున్నారు. ఆ ముద్దను వందల ఏళ్ళు తిని, పండించి, దంచి, విత్తనం కాపాడినోళ్ళ పేరు ఆ పుస్తకంలో ఎక్కడన్నా ఉందా? అట్ట నుంచి అట్ట దాకా వెతికాను. లేదు.

తెలుగునాట ఈ పత్యాల తిరనాళ్ళ కొత్తది కాదు. మంతెన సత్యనారాయణరాజు గారు ఉప్పూ నూనే లేని వంటలు నేర్పారు. 2017, 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ ఊరూరా తిరిగింది. అన్నం మానాలి, రోజుకు 70 నుంచి 100 గ్రాముల దాకా కొవ్వు తినాలి, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, రెండు విటమిన్ బిళ్ళలు. ఖాదర్ వలీ గారు కొర్రలు, అండుకొర్రలు, సామలు, అరికెలు, ఊదలు అని అయిదింటిని సిరిధాన్యాలన్నారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడాదినే ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. వీళ్ళ మీద మనకు పగేమీ లేదు. కొర్ర మంచిదని చెప్తే మనం కాదంటామా? మన పేచీ ఎక్కడంటే, ఆ మాట ఎవరికి చెప్తున్నారు, ఎవరిని మరిచిపోయి చెప్తున్నారు అన్న దగ్గర.

ఇంకో సంగతి. 2018లో కేంద్ర ప్రభుత్వం గెజిట్ వేసింది. ఇకమీదట వీటిని ముతక ధాన్యాలు అనకూడదు, పోషక ధాన్యాలు అనాలి అని. బాగానే ఉంది. ఒక్క కాగితంతో గింజకు అంటు పోయింది. పండించినోళ్ళకు పోయిందా?

నీళ్ళ సంగతికి వద్దాం. రోజుకు నాలుగు లీటర్లు తాగమని రాసినోళ్ళు మన పశ్చిమ ప్రకాశం మొహం చూశారా? మన కొనకనమిట్లకు అటు పొదిలి, ఇటు మార్కాపురం. పొదిలి, కనిగిరి చుట్టుపక్కల బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉందని చిన్నపిల్లాడికి కూడా తెలుసు. గారపట్టిన పళ్ళు, వంగని మోకాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నాయి. తాగే నీళ్ళలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాముకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదంటారు. బోరులో మూడు ఉందనుకోండి. ఆ నీళ్ళు నాలుగు లీటర్లు తాగితే పన్నెండు మిల్లీగ్రాములు కడుపులోకి పోతది. డబ్బున్నోడు క్యాన్ నీళ్ళు తాగి సన్నబడతాడు. మనోళ్ళు బోరు నీళ్ళు తాగి వంకరపోవాలా? వెలిగొండకు 1996లో పునాదిరాయి వేశారు. ఆ ఏడు పుట్టిన పిల్లలకు ఇప్పుడు పిల్లలు. నల్లమల కింద సొరంగాలు తవ్వడానికే పాతికేళ్ళు దాటింది. మంచినీళ్ళు మన హక్కని కొట్లాడేవాళ్ళకు నాలుగు లీటర్ల లెక్క చెప్పడం ఎకసెక్కం కాకపోతే ఏంది? అప్పటి మన ప్రకాశం జిల్లా కారంచేడులో 1985లో రక్తం పారిన గొడవ మొదలైంది కూడా తాగేనీళ్ళ చెరువు దగ్గరే. మరిచిపోయామా?

మళ్ళీ పుస్తకం దగ్గరికి. మాంసం వంటలు కూడా ఉన్నాయి. వేటమాంసం ఉంది, కోడి ఉంది, చేప ఉంది, రొయ్య ఉంది. నేను తిరగేసిన ఇట్టాంటి పుస్తకాల్లో ఒక్కదాంట్లో కూడా పెద్దమాంసం అన్న మాట లేదు. కొవ్వు తినమన్నోళ్ళు, ఎముకల పులుసు తాగమన్నోళ్ళు కూడా ఆ ఎముక ఏ జంతువుదో చెప్పే దగ్గర మాత్రం మేకపోతుతోనే ఆగిపోతారు. పేదోడికి అందే మాంసం ఏది? కూలి డబ్బుల్తో వేటమాంసం ఎన్నిసార్లు కొంటాం? గొడ్డుకూరలో మాంసకృత్తులు ఉన్నాయి, ఇనుము ఉంది. బి12 అనే విటమిన్ ఏ ఆకుల్లోనూ దొరకదు, మాంసంలో ఉంటది. కారిజంలో ఇంకా ఎక్కువ. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడోళ్ళలో నూటికి 59 మంది దాకా రక్తం తక్కువోళ్ళు. అదే సర్వేలో నూటికి 36 మంది ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నోళ్ళు. 36 మంది కోసం పుస్తకాలు గుట్టలు గుట్టలుగా వస్తున్నాయి. మరి ఆ 59 మందికి రక్తం పట్టే వంటల పుస్తకం ఎవరేశారు?

తినే మాంసానికీ అంటరానితనానికీ ఉన్న ముడిని బాబాసాహెబ్ 1948లో అచ్చయిన 'అంటరానివారు' పుస్తకంలో విప్పి చూపించాడు. ఆయనే 1927లో మహద్‌లో చచ్చిన గొడ్డును తినడం మానమన్నాడు. నిజమే. ఈ మాట పట్టుకుని మనలోనే కొందరు చదువుకున్నోళ్ళు పెద్దకూర పేరెత్తితే సిగ్గుపడుతున్నారు. ఊరి దొర పారేసిన కళేబరం మోసుకుపోయి తినే వెట్టిని ఆయన వద్దన్నాడు. సంతలో మన కష్టంతో కొనుక్కున్న మాంసం వెట్టి ఎట్టా అయితది? మన సంఘం కుర్రోళ్ళు ఈ రెంటికీ తేడా పల్లెల్లో విప్పి చెప్పాలి.

ఇంక రేషన్ బియ్యం. పత్యం పుస్తకాలు తెల్లబియ్యాన్ని విషమంటాయి. అనేముందు కొంచెం ఆగండయ్యా. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం రాకముందు మన ఇళ్ళల్లో పండక్కే వరన్నం. కరువొస్తే ఆసామి గడపలో నిలబడి నాగుకు గింజలు తెచ్చుకుని, పంటకు వడ్డీతో కొలిచి, ఆ వడ్డీకి వాళ్ళ చేలో గొడ్డుచాకిరీ చేసినోళ్ళం. ఆ బియ్యం మన మెడలో తాడు కొంత వదులు చేసింది. మనం తెల్లన్నం తినేటప్పటికి వాళ్ళు కొర్రన్నానికి పోయారు! ఇప్పుడొచ్చి మీరు బియ్యం తినబట్టే జబ్బులంటారు.

జబ్బులు అబద్ధం కాదు. మన పల్లెల్లో షుగర్ వచ్చింది, బీపీ వచ్చింది. మూడు పూటలా బియ్యమే తిని, పప్పు లేక, కూర లేక, గుడ్డు లేక ఉంటే రాకేం చేస్తది? కానీ కొర్ర మన చేలో నుంచి దానంతటదే పోలేదు. మెట్టచేలల్లో పొగాకు ఎక్కింది, పొదిలిలో పొగాకు వేలం కేంద్రం పెట్టారు. బ్యాంకు అప్పు దానికే, బేరం దానికే. కొర్రకు కొనేవాడు లేడు, ఆడించే మర లేదు. రోట్లో దంచి చేటతో చెరిగే పని ఎవరి నడుం మీద పడిందో మన అమ్మల్ని అడగండి. ఆ చాకిరీ పోయినందుకు వాళ్ళు సంతోషించారు, అందులో తప్పేముంది? ఇప్పుడు అంగట్లో కొర్రబియ్యం సన్నబియ్యాన్ని మించిన ధర. విత్తనం మనది, వండే తీరు మనది, ఇప్పుడు తినే తాహతు మాత్రం మనకు లేదు.

2013 ఆహార భద్రత చట్టం తీసి చూడండి. బియ్యం కిలో మూడు రూపాయలు, గోధుమలు రెండు, ముతక ధాన్యాలు ఒక్క రూపాయి అని అప్పట్లో అందులో రాశారు. ఆ ముతక ధాన్యం మన చౌకడిపోలో ఎన్నిసార్లు కొలిచారు? కొర్రా సజ్జా రేషన్‌లో ఇయ్యాలి. బియ్యం కోసేసి కాదు, బియ్యంతోపాటు. పల్లెకు ఒక చిన్న మర పెట్టాలి. పండించడానికి మనకు పట్టా ఇచ్చి ఆసాముల చేతికి పోయిన భూములు మనకు రావాలి. ఇది జరగని పని కాదు. అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్ వైపు 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో దళిత ఆడోళ్ళు పడావు భూముల్లో జొన్న, కొర్ర, సామ వేసి, విత్తనాలు బుట్టల్లో దాచి, 1990లలోనే సొంతంగా గింజల పంపిణీ నడిపారు. ఏ పత్యం పుస్తకమూ చదివి కాదు.

అక్కకు ఏం చెప్పాలో అదీ చెప్పాను. కొర్రన్నం తిను, మంచిదే. కానీ మందుబిళ్ళలు మానొద్దు. బిళ్ళలు వేసుకుంటూ ఉన్నట్టుండి అన్నం మానేసి ఎండలో పనికి పోతే షుగర్ పడిపోయి కిందపడతావు, ప్రాణం మీదికొస్తది. తిండి మార్చేముందు డాక్టరుకు చెప్పు. కిడ్నీ చెడినోళ్ళయితే నీళ్ళు ఎన్ని తాగాలో, మాంసం ఎంత తినాలో కూడా డాక్టరే చెప్పాలి, పుస్తకం కాదు. కార్యకర్తలు ఈ మాట ప్రతి మీటింగులో చెప్పండి.

మరాఠీలో షాహూ పటోళే అనే ఆయన 2015లో మహర్‌లు, మాంగులు ఏం తిన్నారో, ఎట్టా వండారో ఒక పుస్తకం వేశాడు. అన్నం పరబ్రహ్మం అంటారు గదా, ఆయన తన పుస్తకానికి అన్నం అపూర్ణ బ్రహ్మం అని పేరు పెట్టాడు. 2024లో అది ఇంగ్లీషులోకి కూడా పోయింది. మన పశ్చిమ ప్రకాశం మాల మాదిగ పల్లెల తిండి మనం రాసుకోవద్దా? గురుగాకు, దొగ్గలాకు, చెంచలాకు ఏ చేనిగట్టున దొరుకుతయ్యో, నల్ల ఎట్టా వండాలో, బోటి ఎట్టా కడగాలో తెలిసిన ముసలోళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు. పల్లెకు ఒకరు నోటుపుస్తకం కొనండి. రాయడం రానోళ్ళు చెప్పండి, చదువుకునే ఆడపిల్లల చేత రాయించి పత్రికకు పంపండి. కొలతలు గ్రాముల్లో అక్కర్లేదు. పిడికిలి, సోల, తవ్వ చాలు.

మా పల్లె నోటుపుస్తకంలో మొదటి పేజీ ఆ అక్కే చెప్పింది. పెద్దమాంసం సన్నగా పొడుగ్గా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద గలగలమనేదాకా ఎండబెట్టాలి. వానాకాలం పనుల్లేనప్పుడు ఆ తునకల్ని రోకలితో నలగ్గొట్టి, గోంగూరేసి ఉడకబెట్టాలి. "నూనె ఎంతక్కా?" అని అడిగాను. "నూనె యాడుంది తమ్ముడా అప్పుడు?" అన్నది. అట్టాగే రాసుకున్నాను.